ఒక సర్కారుకి భార్య, మరో సర్కారుకి కాదు

కిందటి సంచిక పని ముగుస్తున్న రోజుల్లో పలాస వైపు నుంచి ఒకామె మా కార్యాలయానికి వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. వచ్చీ రాగానే చాప మీద కూర్చుని గుడ్డసంచీ విప్పి ఒక్కొక్క కాగితం తీసి వరసగా పేర్చింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్, డ్వాక్రా సంఘం పాసుపుస్తకం, పిల్లల బడి సర్టిఫికెట్లు. అన్నిటిలోనూ భర్త పేరు ఒక్కటే. అన్నిటికంటే పైన వితంతు పింఛను కాగితం పెట్టింది. నెలనెలా ఒకటో తారీకున రాష్ట్ర ప్రభుత్వం ఆమెకి నాలుగు వేల రూపాయలిస్తోంది, ఫలానా వ్యక్తి భార్య, ఇప్పుడు వితంతువు అని గుర్తించి.

"ఈ కాయితాలన్నిట్లోనూ నాను ఆయన పెళ్లామే కదమ్మా. మరి ఆ ఆపీసోళ్లకి ఎందుకు కాను?" అని అడిగింది.

ఆమె భర్త కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకదానిలో నాలుగో తరగతి ఉద్యోగి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వీసు రిజిస్టరులో భార్యగా మరొకామె పేరు రాయించాడు. అది మొదటి పెళ్లి. రెండేళ్లు తిరక్కుండానే ఇద్దరికీ పొసగలేదు. కులపెద్దల ముందు తెగతెంపులయ్యాయి, స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఆ తరవాతే మన దగ్గరికి వచ్చిన ఈమెని చేసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశారు. సర్వీసు రిజిస్టరులో పేరు మార్పించాలని అతనికీ తట్టలేదు, మార్పించాలని ఈమెకీ తెలీదు. అతను పోయాక కుటుంబ పింఛను కోసం వెళితే, కోర్టు విడాకుల డిక్రీ తెమ్మన్నారు. పెద్దల కాగితం 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానులో ఇంటి పైకప్పుతో పాటే పోయింది. సంతకాలు పెట్టిన పెద్దల్లో ఒక్కరే బతికున్నారు.

ఇది ఒక్క ఆమె కష్టమే అయితే సంపాదకీయంలో రాయనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే కార్యకర్తలు ఎవరిని కదిపినా ఇలాంటివి రెండు మూడు చెబుతారు. ఒక ప్రభుత్వం భార్య అంటుంది, ఇంకొకటి కాదంటుంది. ఒక కోర్టులో పెళ్లి ఉంటుంది, పక్క కోర్టులో ఉండదు. సరిహద్దుకి ఇవతల చెల్లినది అవతల చెల్లదు. పెళ్లి ఒకటే, మనిషి ఒకతే. మరి ఈ ముక్కలెక్కడినుంచి వచ్చాయి? దాని గురించే ఈ మాటలు.

మన రాజ్యాంగంలో పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే పార్లమెంటూ చట్టం చేయొచ్చు, శాసనసభా చేయొచ్చు. ఏది పెళ్లి, ఏది కాదు అన్నది చాలావరకు కేంద్ర చట్టాలే చెబుతాయి. 1955 హిందూ వివాహ చట్టం, 1954 ప్రత్యేక వివాహ చట్టం, ఇంకా ఆయా మతాల చట్టాలు. కాని పెళ్లిని పుస్తకంలో రాసుకునే పని రాష్ట్రానిది. హిందూ వివాహ చట్టం 8వ సెక్షను, రిజిస్ట్రేషన్ నియమాలు చేసుకునే అధికారాన్ని రాష్ట్రాలకే వదిలింది. అదే సెక్షను, పుస్తకంలో రాయనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని కూడా చెప్పింది. నిర్వచనం ఢిల్లీది, పుస్తకం రాష్ట్రానిది, పింఛను ఇంకొక ఆఫీసుది. ఈ మూడింటికీ మధ్య నిలబడేది ఎప్పుడూ ఆడదే.

పెళ్లిళ్లు లెక్క రాయాలన్న ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కాదు. గురజాడ అప్పారావు గారు 1897లో కన్యాశుల్కం తొలి కూర్పుకి రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి, ఆనాటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లకి 1,034 తేలాయి. వాటిలో అయిదేళ్ల పిల్లలవి తొంభై తొమ్మిది, ఏడాది పిల్లలవి మూడు. ఆ జాబితా సంపూర్ణం కాదని కూడా గురజాడే రాశారు. ఊహించండి, ఆ లెక్క లేకపోతే ఆ పసిపిల్లలు ఎవరికి కనబడేవారు? రాసుకుంటేనే అన్యాయం కంటికి కనబడుతుందని మన విజయనగరం నూరేళ్లకి ముందే చూపించింది.

అయినా ఆ తరవాత శతాబ్దం పైగా మన పెళ్లిళ్లు పుస్తకం ఎక్కలేదు. 1993లో భారత ప్రభుత్వం స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. అందులోని 16వ అధికరణం పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయమంటుంది. మన ప్రభుత్వం అక్కడ ఒక ప్రకటన జతచేసింది: సూత్రంగా పూర్తిగా సమర్థిస్తున్నాం, కాని ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఇంత అక్షరాస్యత ఉన్న విశాల దేశంలో ఆచరణ సాధ్యం కాదు అని. ఓటరు జాబితా ఆచరణ సాధ్యమే, భూమి రికార్డు ఆచరణ సాధ్యమే, పెళ్లి దగ్గరికి వచ్చేసరికి దేశం విశాలమైపోయింది.

ఆంధ్రప్రదేశ్ మాత్రం 2002లో వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 14న సీమ వర్సెస్ అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, దేశంలోని పౌరులందరి పెళ్లిళ్లూ, ఏ మతం వారివైనా, రిజిస్టర్ కావాలనీ, రాష్ట్రాలు మూడు నెలల్లో నియమాలు చేయాలనీ ఆదేశించింది. అప్పటికే చట్టం ఉన్న కొద్ది రాష్ట్రాల్లో మనదాన్నీ పేర్కొంది. 2017లో లా కమిషన్ 270వ నివేదికలో, జనన మరణాల చట్టంలోనే పెళ్లిళ్లనీ చేర్చమని సిఫార్సు చేసింది. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. పుట్టుకా చావూ కంప్యూటరు ఎక్కాయి. ఆ రెంటి నడుమ ఉన్న పెళ్లిని మాత్రం వదిలేశారు.

చట్టం ఉంది కదా, మరి మనవాళ్లు ఎందుకు రిజిస్టర్ చేయించుకోరు? చదువు లేక అనడం తేలిక. నాకు కనబడిన కారణాలు వేరు. పెళ్లికూతురికి పద్దెనిమిది నిండకపోతే కుటుంబం పుస్తకం దగ్గరికి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. వలసపోయే కుటుంబాలకి ఊళ్లో ఉండేదే కొద్ది రోజులు. మొదటి పెళ్లి పెద్దల దగ్గర తెగిన మగవాడికి రిజిస్ట్రేషన్ అంటే భయం. ఇక కాగితం అవసరం ఎప్పుడొస్తుంది? భర్త పోయినప్పుడో, వదిలేసినప్పుడో, జైల్లో పడినప్పుడో. అప్పుడు వెతుక్కోవలసినది భార్యే.

2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ పద్నాలుగు నెలలూ పరదేశంలో ఖైదీ అయిన భర్త, పని ఇచ్చింది గుజరాత్, ఇల్లు ఆంధ్ర, మాట్లాడాల్సింది ఢిల్లీ. అలాంటి వేళ "నువ్వు అతని భార్యవని రుజువేమిటి?" అన్న ప్రశ్న మూడు చోట్ల మూడు విధాలుగా ఎదురైతే ఆడది ఏం చూపించాలి? మన తీరంలో ప్రతి వలస కుటుంబం ఆలోచించుకోవలసిన ప్రశ్న ఇది.

ఇప్పుడు కోర్టుల సంగతి చూద్దాం. భర్త ఇంకొక పెళ్లి చేసుకున్నాడని భార్య క్రిమినల్ కేసు పెడితే, ఆ రెండో పెళ్లి సప్తపది వంటి ఆచారాలతో శాస్త్రోక్తంగా జరిగిందని ఆమే నిరూపించాలని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పొరుగూరి గుళ్లో గుట్టుగా దండలు మార్చుకుంటే నేరం రుజువు కాదు, మగవాడు తప్పించుకుంటాడు. అదే మగవాడు ఆ రెండో ఆమెని వదిలేశాక మనోవర్తి అడిగితే, మొదటి పెళ్లి ఉండగా జరిగింది కనుక అది పెళ్లే కాదు, ఆమె భార్యే కాదు అంటాడు. 1988లోనూ, 2005లోనూ కోర్టు ఆ వాదనకే ఒప్పుకుంది. ఇద్దరాడవాళ్లూ ఓడిపోయారు, ఒకే మగవాడు రెండుసార్లు గెలిచాడు.

ఆ తరవాత గాలి కొంత మారింది. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ రక్షణ ఇచ్చింది. మొదటి పెళ్లి దాచి మోసం చేసిన వాడు ఆ సాకుతో మనోవర్తి ఎగ్గొట్టలేడని 2013లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో ఇంకొక అడుగు వేసింది. ఆమె మొదటి భర్తతో కోర్టు విడాకులు లేవు, విడిపోతున్నామన్న ఒప్పంద పత్రం మాత్రమే ఉంది. ఆ సంగతి తెలిసే పెళ్లి చేసుకున్న రెండో భర్త మనోవర్తి ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. మన పల్లెల్లో పెద్దల కాగితంతో విడిపోయిన వందలాది ఆడవాళ్లకి ఈ తీర్పు అవసరం. ఇదివరకటి నేర విచారణ స్మృతి 125వ సెక్షను, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144వ సెక్షను అయింది. అర్జీలు రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

అయితే మనోవర్తికి భార్య అయినంత మాత్రాన పింఛనుకి భార్య కాదు. అక్కడ రుజువు వేరు, నియమాలు వేరు. ఉత్తరాంధ్రలో చాలా కులాల్లో మారుమనువు తరతరాల ఆచారం. మగడు పోయిన ఆడదీ, తెగతెంపులైన ఆడదీ మళ్లీ మనువాడడం ఇక్కడ తప్పు కాదు. వెనకబడిన కులాలని చిన్నచూపు చూసేవాళ్లు గమనించాలి, శాస్త్రం చదివిన కులాల్లో వితంతువుల తలలు గొరిగిస్తున్న రోజుల్లో మన పల్లె స్త్రీలకి ఈ హక్కుంది. హిందూ వివాహ చట్టం 29వ సెక్షను ఆచారం ప్రకారం విడిపోయే హక్కుని కాపాడింది కూడా. కాని ఆచారం ఉందని ఎవరు చెప్పుకుంటే వారే కోర్టులో రుజువు చేయాలి. ప్రాచీనమైనదనీ, ఎడతెగకుండా సాగుతున్నదనీ, న్యాయమైనదనీ చూపించాలి. చట్టం ఒక చేత్తో ఇచ్చిన హక్కు పింఛను గుమాస్తా బల్ల దగ్గర ఆగిపోతోంది.

గిరిజన గ్రామాల్లో సంగతి ఇంకో రకం. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. సీతంపేట సవరలు, కురుపాం జాతాపులు, సాలూరు కొండదొరలు తమ ఆచారం ప్రకారమే పెళ్లాడతారు. ఆ ఆచారాన్ని గౌరవించాలి, అందులో వివాదం లేదు. కాని 2001లో ఒక ఒరావ్ స్త్రీ తన సంతాల్ భర్త రెండో పెళ్లి మీద వేసిన కేసులో, ఒకే భార్య ఉండాలన్న ఆచారానికి చట్టబలం ఉందని రుజువు కాలేదు కనుక నేరం కాదని సుప్రీంకోర్టు అంది. రాయని ఆచారం భార్యకి రక్షణ కాలేకపోయింది. అటవీ హక్కుల చట్టం 2006 పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వమంటుంది. ఇద్దరు భార్యలున్న ఇంట్లో ఎవరి పేరు రాయాలి? రాయని ఆమె రేపు ఎక్కడికి పోవాలి? గిరిజన మహిళా సంఘాలు ఊళ్లో కూర్చుని చర్చించి తేల్చుకోవలసిన విషయం ఇది. పైనుంచి ఎవరో తేల్చేది కాదు.

ఇక రాష్ట్రాల సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాని చీల్చారు. పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. గీత నేల మీద గీశారు గాని చుట్టరికాల మీద గీయలేకపోయారు. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికీ, పాతపట్నం నుంచి పర్లాకిమిడికీ ఈనాటికీ పిల్లనిస్తారు, తెచ్చుకుంటారు. అటునుంచి వచ్చిన కోడలికి ఇక్కడ రేషన్ కార్డులో పేరెక్కాలంటే అక్కడ తీసేసిన కాగితం కావాలి. ఆమె దళిత, గిరిజన స్త్రీ అయితే ఇంకా కష్టం. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళితే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో, మళ్లీ 1994లో చెప్పింది. మగవాడు పనికోసం సరిహద్దు దాటడం అతని ఇష్టం. ఆడపిల్ల దాటేది పెళ్లి కోసం. అత్తింటికి వచ్చిన నేరానికి ఆమె రిజర్వేషను పుట్టింట్లో ఉండిపోతుంది.

సాలూరు దగ్గర కొటియా గ్రామాలు మరీ చిత్రం. ఇరవై ఒక్క ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టులో తగువాడాయి. 2006లో కోర్టు ఆ కేసుని తేల్చకుండానే కొట్టేసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. అక్కడివాళ్లకి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఇద్దరూ ఓటరని ఒప్పుకుంటారు. మరి అక్కడ పెళ్లాడిన ఆడపిల్ల ఏ పుస్తకంలో పేరు రాయించుకోవాలి?

కులాంతరంగా, శాస్త్రం లేకుండా దండలు మార్చుకుని సభలో పెళ్లాడిన జంటలు మన ఉద్యమాల్లో ఎందరో. వాళ్లూ ఒక సంగతి తెలుసుకోవాలి. 1967లో తమిళనాడు హిందూ వివాహ చట్టానికి 7-ఎ సెక్షను చేర్చి, పురోహితుడు లేకుండా బంధుమిత్రుల ఎదుట దండలో ఉంగరాలో మార్చుకుంటే చాలునంది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని మరింత విశాలంగా వ్యాఖ్యానించింది. కాని ఆ సెక్షను మనకి లేదు. 1953 దాకా మనం ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, మద్రాసులో చెల్లే దండల పెళ్లి శ్రీకాకుళంలో చెల్లుతుందన్న భరోసా లేదు. ఇక్కడి జంటలకి దారి ప్రత్యేక వివాహ చట్టం. అందులో ముప్ఫై రోజుల నోటీసు గోడకి అంటిస్తారు. పెళ్లికి అడ్డుపడాలనుకునే వాళ్లకి అదే శుభలేఖ.

2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. హిందూ వివాహ చట్టం కింద ఆచారం ప్రకారం పెళ్లి జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తెచ్చుకుంటే అది పెళ్లి కాదు అని. అంటే తంతు లేకుండా కాగితం చాలదు. కాగితం లేకుండా తంతు చాలదని మన పలాస ఆమెకి చెప్పారు. రెండూ ఉంచుకోండి, ఫోటోలు కూడా ఉంచుకోండి అని పిల్లలకి చెప్పడం తప్ప ప్రస్తుతానికి మరో దారి లేదు.

ఈ బాధ మనకే కాదు. అమెరికాలో ఒక రాష్ట్రం ఒప్పుకున్న స్వలింగ జంటల పెళ్లిని కేంద్రం గుర్తించక్కరలేదని 1996లో చట్టం చేశారు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు, కలిసి బతికిన సహచరి ఆస్తి మీద పన్ను కట్టమన్న ఒక వృద్ధురాలి కేసులో ఆ నిబంధన కొట్టేసింది. 2015లో అన్ని రాష్ట్రాలూ గుర్తించాలంది. మన దగ్గర 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, అలాంటి పెళ్లిళ్లకి గుర్తింపు ఇవ్వడం చట్టసభల పని అని పక్కకి తప్పుకుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం, మగవాణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ స్త్రీ వరకట్న హింస సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. ఎవరి పెళ్లి పెళ్లి అన్న ప్రశ్న మన ఇంటి గడపలోకీ వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పుస్తకం అనగానే అది ఆడవాళ్లకి మేలే చేస్తుందనుకోవడం పొరపాటు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, పెళ్లి లేకుండా కలిసి ఉన్నవాళ్లు నెలలోగా నమోదు చేసుకోకపోతే జైలు అంటోంది. అది ఆడదానికి అండ కాదు, కాపలా. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన కల్యాణమస్తు పథకానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాసవ్వాలన్నారు. చదువుకి ప్రోత్సాహం మంచిదే. కాని ఏడో తరగతిలో బడి మాన్పించి జీడిపిక్కల పనికి పంపిన పిల్లకి పద్దెనిమిది నిండాక చేసిన పెళ్లి ప్రభుత్వం దృష్టిలో లెక్కకి రాకుండా పోయింది. మనం అడిగే గుర్తింపు హక్కు ఇచ్చేది కావాలి, శిక్ష వేసేది కాదు.

మరి మనం ఏం అడగాలి? మా సంఘం సమావేశాల్లో వచ్చిన మాటల్ని చర్చకి పెడుతున్నాను.

పాత పెళ్లిళ్లని, ఎన్నేళ్లవైనా, ఫీజు లేకుండా, జరిమానా లేకుండా గ్రామంలోనే నమోదు చేయాలి. జరిగిన ఆచారం ఏదో అదే రాయాలి. గిరిజనులది గిరిజనుల మాటల్లోనే రాయాలి.

ఆచారం ప్రకారం జరిగిన తెగతెంపుల్నీ, మారుమనువునీ నమోదు చేసే ఏర్పాటుండాలి. పెళ్లి రాసి విడాకులు రాయని పుస్తకం సగం పుస్తకమే.

కుటుంబ పింఛనుకి పోటీగా అడిగేవారు ఎవరూ లేనప్పుడు, కేంద్ర కార్యాలయాలు రాష్ట్రం ఇచ్చిన కాగితాల్ని, స్థానిక విచారణని నమ్మాలి. రాజ్యాంగం 261వ అధికరణం కేంద్ర, రాష్ట్రాల రికార్డులకి దేశమంతటా పూర్తి విశ్వాసం ఇవ్వాలంటుంది. ఆ విశ్వాసం ఆడదాని కాగితం దగ్గర ఎందుకు ఆవిరైపోతుంది?

రిజిస్టర్ కాలేదన్న సాకుతో మనోవర్తి, నివాసం, పిల్లల హక్కులు ఎక్కడా నిరాకరించకూడదు. బాల్యంలో పెళ్లయిన ఆడపిల్లకి రిజిస్ట్రేషన్ పేరుతో శిక్ష పడకూడదు.

సరిహద్దు మండలాల్లో రెండు రాష్ట్రాల అధికారులు కలిసి కూర్చుని కోడళ్ల కాగితాలు పరిష్కరించే రోజు నెలకి ఒకటైనా ఉండాలి.

ఇవన్నీ వచ్చేలోగా కార్యకర్తలు చేయగలిగినవి ఉన్నాయి. సంఘం మీటింగులో ఒక పూట కేటాయించండి. భర్త ప్రభుత్వ ఉద్యోగి అయితే, రాష్ట్రమైనా కేంద్రమైనా, సర్వీసు రిజిస్టరులో భార్యగా ఎవరి పేరుందో అతను బతికుండగానే చూడమనండి. పీఎఫ్, బ్యాంకు, బీమా నామినీలు చూడమనండి. పెద్దల కాగితం ఉంటే నకళ్లు తీయించి మూడు చోట్ల దాచమనండి. సంతకం పెట్టిన పెద్దలు బతికుండగానే వారి చేత అఫిడవిట్ రాయించమనండి. శుభలేఖ, ఫోటో, పిల్లల జనన ధ్రువపత్రం, ఏ చిన్నదైనా పారేయొద్దనండి. భర్త మీద అనుమానంతో కాదు, ప్రభుత్వాల మీద అనుభవంతో.

మళ్లీ పలాస ఆమె దగ్గరికి వస్తాను. ఆచార విడాకులు చెల్లుతాయని ప్రకటించమంటూ సివిల్ కోర్టులో దావా వేశాం. సాక్ష్యానికి మొదటి భార్య కావాలి. ఆమె పర్లాకిమిడి దగ్గర మారుమనువు చేసుకుని మనవలతో ఉంది. వెతుక్కుంటూ మేమిద్దరం వెళ్లాం. చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. "నాకాయన డబ్బొద్దు, ఏటీ వొద్దు. కోర్టుకొచ్చి ఆ పెళ్లి సంగతి సెప్తే, ఆ తెగతెంపులు సెల్లవంటే, మరి నా ఈ మనువు ఏటవుద్ది?" అంది.

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆమె భయం అబద్ధం కాదు. ఆ ఒక్క కాగితం మీద ఇద్దరాడవాళ్ల బతుకులు కూర్చుని ఉన్నాయి. అది చెల్లితే ఇద్దరూ భార్యలే. చెల్లకపోతే ఒకామెకి పింఛను లేదు, ఇంకొకామెకి పెళ్లి లేదు. నేను అదే మాట చెప్పాను, దాచకుండా. అప్పుడు మన పలాస ఆమె, "అప్పా, నువ్వు రాకపోయినా నాను తప్పట్టను. వొస్తే మనిద్దరిదీ నిలబడతాది" అంది. అంతవరకు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. వాయిదా ఎప్పుడని అడిగింది.

ఈ సంచిక అచ్చుకి వెళ్లేనాటికి ఆ వాయిదా ఇంకా రాలేదు. తీర్పు ఎలా వస్తుందో నేను చెప్పలేను. కాని కోర్టు మెట్ల మీద ఆ రోజు ఆ ఇద్దరితో పాటు సంఘం ఆడవాళ్లు పదిమందైనా ఉండాలి. పెళ్లి ఎవరిదన్న తగువులో ఆడవాళ్లని ఎదురెదురుగా నిలబెట్టే చట్టానికి, వాళ్లు పక్కపక్కన నిలబడడమే మొదటి సమాధానం. మీ ఊళ్లలోని ఇలాంటి కేసుల్ని, పేర్లు తీసేసి, మాకు రాసి పంపండి. గురజాడ కాలంలో ఒక మహారాజు జాబితా రాయించాడు. ఈసారి ఆ జాబితా మనమే రాద్దాం.